గుర్రు

దొండపర్తి సందులో నా షాపు.
బోర్డు మీద కంప్యూటర్‌లో 'ప్యూ' లేదు,
హుద్‌హుద్ పట్టుకుపోయింది.
'కంటర్' అంటే కాటా అనుకుని
పాత పేపర్లు తూకానికి తెచ్చేవాళ్లున్నారు.
వాళ్లనీ కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను.

ఈ ఊళ్లో మెషిన్లు ముసలితనంతో చావవు,
ఉప్పుతో చస్తాయి.
కిటికీ మూసినా, దుప్పటి కప్పినా
సముద్రం రాత్రిపూట నడిచొచ్చి
ఒక్కో స్క్రూ తలా నాకి పోతుంది.
డబ్బా విప్పగానే చెప్పేస్తాను ఏ పేటదో.
పెదవాల్తేరుదైతే తెల్లటి పొక్కు,
గాజువాకదైతే ఇనప నుసి,
హార్బరుదైతే రెండూను, చేపల వాసన ఉచితం.

ఈ త్రీ ఎయిటీ సిక్స్ హార్బరుది.
ఓడల క్లియరింగ్ ఆఫీసు ఎత్తేసిన రోజున
మూడు నెలల జీతం బదులు ఇచ్చారట
నూకరత్నం గారికి.
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు,
పక్క సీటు ఖాళీగా ఉన్నా.

బ్యాటరీ కారి బోర్డు మూలంతా పచ్చటి చిలుము.
ఇత్తడి చెంబైతే చింతపండు వేద్దును.
దీనికి నిమ్మకాయ, అరిగిన టూత్‌బ్రష్, ఆనక స్పిరిట్టు.
తెగిపోయిన దారొకటి
వెంట్రుకంత రాగితీగతో అతికాను.
ఆ కాసేపూ ఫ్యాను ఆపేశాను, ఊపిరి కూడా.
ర్యామ్ పళ్లని బడిపిల్లల రబ్బరుతో తోమాను.

నాకు పని నేర్పిన తాతబ్బాయి మాస్టారు
ముందు విను, తర్వాత విప్పు, అనేవారు.
మూడు కూతలైతే ర్యామ్,
ఎనిమిదైతే డిస్‌ప్లే.
అసలు కూతే లేకపోతే మాస్టారూ?
ప్లగ్గు చూసుకోరా, వెర్రినాయనా.

ఒక్క కూత కూసింది.
నారింజ అంకెలు మెట్లెక్కినట్టు లెక్కపెట్టుకుని
తేదీ చెప్పింది:
మంగళవారం, జనవరి ఒకటి, పంతొమ్మిదొందల ఎనభై.
నేనింకా పుట్టలేదు.
మంగళవారం పని మొదలెట్టకూడదంటారు,
పాపం ఇది మొదలెట్టిన ప్రతిసారీ మంగళవారమే.

నలభై ఎంబీ డిస్కు, ఇటుకంత బరువు.
ఎప్పుడు పోతుందో తెలియదని
మూడు రాత్రులు కూర్చుని
తపాలా బిళ్లంత కార్డులోకి అంతా దించాను.
నా పనితనం చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆవిడ వచ్చి కూర్చున్నారు.
నాలుగు ముక్కలు కొట్టి, సేవ్ నొక్కి,
చేతులు గాల్లో అలాగే ఉంచేశారు.
"పాడైపోయిందా బాబూ?"
లేదండీ, బాగైంది.
"మరి మాటాడదేటి?"

అప్పుడు చెప్పారు.
ఓడ వచ్చిన రాత్రి తెల్లారేలోగా సరుకు జాబితా కొట్టాలి.
బయట క్రేన్లు, లోపల తనూ, ఇదీ.
ఓసారి కరెంటు పోయి నలభై రెండు పేజీలు
గంగలో కలిశాయి.
ఆ రాత్రి నుంచీ ఇది గుర్రుమన్నాకే
చెయ్యి తీసి మంచినీళ్లు తాగడం.
గుర్రు పెట్టిందంటే భద్రం.

నా తపాలా బిళ్ల
మూగది.

పాత డిస్కు మళ్లీ బిగించాను.
రెండు లైన్ల ప్రోగ్రామ్ రాశాను.
ఏది దాచినా ముందు దాని మీదకే,
ఆనక చప్పుడు లేకుండా కార్డులోకి.
ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేనండీ, అన్నాను.
"నేను మాత్రం చెప్పగలనేటి," అన్నారు.

తేదీ సరిచెయ్యనా?
"ఉండనీ. అదేటి చేసింది నిన్ను."

ఏదో ఓడ పేరు కొట్టారు, చదవలేకపోయాను.
సేవ్.
చేతులు గాల్లో.
కర్... కర్ కర్... గుర్ర్‌ర్...
సందులో కుక్క తలెత్తి చూసింది.
ఆవిడ చేతులు దించి
మంచినీళ్లు అడిగారు.